ఎర్మినియా బండి కొన్న రోజు

అంకుద్‌లో వాన ఆగదు, కాసేపు ఊపిరి తీసుకుంటుంది.
ఆ సందులోనే చూశాం రెండు బళ్ళనీ.

ఒకటి పికప్. పదహారేళ్ళది.
ముందు బంపరు ఎడమ మూల
పక్షవాతం వచ్చిన మూతిలా ఒరిగి ఉంది.
రెండోది చిన్న హ్యాచ్‌బ్యాక్,
ఒలిచిన గుడ్డంత నున్నగా.
ఎవరో టీచరమ్మ నడిపిందట.
అమ్మకానికొచ్చిన ప్రతి బండినీ
ఎవరో ఒక టీచరమ్మే నడిపి ఉంటుంది.

ఎర్మినియా నన్ను తోడు తెచ్చుకుంది.
మెకానిక్‌ని కదా, జేబులో అయస్కాంతం ఉంటుంది.
ఇనుమున్న చోట అతుక్కుంటుంది,
తుప్పు మీద పుట్టీ పూసి రంగేసిన చోట
జారి కాళ్ళ మీద పడుతుంది.
మా చిలోయే దీవిలో ఉప్పుగాలి
బళ్ళను కింది నుంచి తింటుంది,
చెదలు పుస్తకాన్ని తిన్నట్టు, అట్ట మాత్రం వదిలేసి.

పికప్ తలుపు కింద రెండు చోట్ల జారింది.
మూడో చోట పట్టుకుంది.
వెల్లకిలా దూరి ఛాసిస్‌ను సుత్తితో కొట్టాను,
కాలిన కుండలా ఖంగుమంది.

"ఇదే తీసుకో," అన్నాను బురద దులుపుకుంటూ.
"దుంపల బస్తాలు ఇరవై పడతాయి. గొర్రెలు ఆరు.
నాచు తడిదైనా వేసెయ్యొచ్చు.
డీజిల్ తాగుతుందిలే, తాగినంతా పని చేస్తుంది.
ఆ బుల్లిదాంట్లో ఏం పడుతుంది?
నువ్వూ, నీ గొడుగూ."

ఆమె పికప్ తొట్టిలోకి చూస్తూ నిలబడింది.
నిలిచిన నీళ్ళలో ఒక గడ్డిపరక, ఒక మేకు,
ఎవరి పిల్లదో ఒంటి బూటు.

"ఇలాంటిదే ఇరవై రెండేళ్ళు తోలాను," అంది.
"మా కొండవాలంతటికీ నాదొక్కటే బండి.
బర్రియా వాళ్ళ కట్టెలపొయ్యి మోశాను.
పెళ్ళికి మంచం దింపాను,
పెళ్ళి చెడ్డాక అదే మంచం వెనక్కి మోశాను.
నొప్పులొచ్చిన పిల్లని అర్ధరాత్రి,
ఓలెగారియో తాతని పెట్టెలో, పట్టపగలు.
ఆదివారం తలుపు చప్పుడైతే చాలు,
చెప్పులకన్నా ముందు తాళంచెవి దొరికేది నాకు.
డీజిల్ డబ్బులిస్తామనేవాళ్ళు.
అనేవాళ్ళు."

వాన మళ్ళీ అందుకుంది.
ఆమె వెళ్ళి హ్యాచ్‌బ్యాక్‌లో కూర్చుని తలుపేసుకుంది.
అద్దం వెనక పెదవులు కదిలాయి, నాకేం వినపడలేదు.
కాసేపటికి అద్దం దించింది.

"కుదరదు అనడం నాకు రాదు.
అరవై ఒకటొచ్చాయి, ఇక రాదు కూడా.
ఇదైతే నా బదులు అంటుంది.
వెనక తలుపెత్తి చూపిస్తే
అడిగినవాడే సిగ్గుపడి పోతాడు."

అయస్కాంతం నా చేతిలోనే ఉంది.
ఎక్కడ ఆనించాలో తోచలేదు.

డబ్బు బిస్కెట్ల డబ్బాలో తెచ్చింది.
చెమ్మగిల్లిన నోట్లు విడదీసి లెక్కపెట్టేసరికి
గంట పట్టింది.
పికప్‌ను ఆ వారమే ఎవరో పట్టుకుపోయాడు,
సాల్మన్ చేపల కొలనులో పనిచేసే కుర్రాడు.
పోతూ పోతూ హారన్ కొట్టాడు. అది పనిచేస్తుందని
నాకు తెలియనే తెలియదు.

నెలన్నరకి నా షెడ్డు ముందు ఆగింది హ్యాచ్‌బ్యాక్.
వెనక సీట్లు మడిచి ఉన్నాయి.
పైన నిచ్చెన, చివర ఎర్రగుడ్డ.
లోపల ఉన్ని కంపు, నాచు కంపు.
ముందు సీట్లో బెల్టు పెట్టుకుని బుద్ధిగా
ఒక కుట్టుమిషను, బర్రియా వాళ్ళ కోడలిది.

ఎర్మినియా నా మొహం చూడలేదు.
వెనక బంపరు మీద లేని మరకను
బొటనవేలితో తుడుస్తూ,
"దీనికి కొక్కెం బిగించగలవా?" అంది.
"చిన్నదే. ఓ చిన్న ట్రెయిలర్ లాగేపాటిది."

నేనేం అనలేదు.
టేపు తీసి కొలవడం మొదలుపెట్టాను.